ల్యాబ్ కంప్యూటర్ సైన్ అవుట్ చేసిన రోజు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను అక్కడ ఏం చేసేదాన్నో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. "కంప్యూటర్లు చూస్తుంది" అనేవాళ్లు. మా అత్తగారైతే ఇరుగుపొరుగు వాళ్లతో "మా కోడలు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో టీవీల ముందు కూర్చుంటుందమ్మా" అని చెప్పేది. ఆవిడ చెప్పింది తప్పేమీ కాదు. నిజంగానే నా జీవితంలో సగం తెరల ముందే గడిచిపోయింది. వాటిలో ఒక తెర ముందు కూర్చున్న ఒక మధ్యాహ్నం గురించి మీకు చెప్పాలని ఉంది. మీరంటే కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్లు, ఆఫీసు ఇచ్చిన అకౌంటుతో పొద్దున్నే లోపలికి వెళ్లి సాయంత్రం బయటికి వచ్చేవాళ్లు.

అలా బయటికి వచ్చేటప్పుడు మీకు తెర మీద ఒక చిన్న పెట్టె కనిపిస్తుంది. 'సైన్ అవుట్ అయితే ఈ కంప్యూటర్లో ఉన్న మీ బ్రౌజింగ్ వివరాలన్నీ తొలగిపోతాయి, సరేనా?' అని అడుగుతుంది. మీరు చదవకుండానే సరే అని నొక్కి బస్సుకి పరిగెడతారు. అందరూ అంతే, నేనూ అంతే. ఒక్కసారి మాత్రం ఆ పెట్టె ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

మా ఫ్యాక్టరీ నూజివీడు దాటాక విస్సన్నపేట వెళ్లే దారిలో ఉండేది. చుట్టూ తోటలే. ఆఫ్ సీజన్‌లో అక్కడ మనుషుల కంటే కుక్కలు ఎక్కువ కనిపించేవి. సీజన్ మొదలైందంటే మాత్రం గేటు దగ్గర్నుంచి రోడ్డు మలుపు దాకా ట్రాక్టర్లు, లారీలు బారులు తీరేవి. రసాలూ బంగినపల్లీ తినేవాళ్ల కోసం మార్కెట్‌కి పోతే, మా దగ్గరికి ఎక్కువగా కలెక్టరు కాయ వచ్చేది, గుజ్జుకి అదే వాటం. ఉడుకుతున్న గుజ్జు వాసన మా చీరలకీ, జుట్టుకీ, టిఫిన్ డబ్బాలకీ పట్టేది. సాయంత్రం బస్సెక్కితే కండక్టరు మమ్మల్ని చూడకుండానే "ఫ్యాక్టరీవాళ్లు ముందుకి జరగండి" అనేవాడు. మొదట్లో సిగ్గుగా ఉండేది. ఇప్పుడు మే నెలలో ఎవరింట్లోనైనా మామిడి తాండ్ర పోస్తుంటే ఆ వాసనకి కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి.

నేను చేరింది కంప్యూటర్ ఆపరేటర్‌గా. చేరినప్పుడు ఫ్యాక్టరీ మొత్తానికి ఒక్కటే కంప్యూటరు, దానికో అద్దాల గది, లోపలికి చెప్పులు విప్పి వెళ్లాలి. తర్వాత తర్వాత అవి లారీలు తూచే కాటా గదిలోకి, స్టోరులోకి, ల్యాబ్‌లోకి పాకాయి. అవి పాకిన కొద్దీ నా పేరు పక్కన హోదా మారుతూ చివరికి సిస్టమ్స్ ఇన్‌ఛార్జి అయ్యాను. అంటే ఎక్కడ ఏది ఆగిపోయినా నన్ను పిలిచేవాళ్లు. ఫ్యాను ఆగిపోయినా నన్నే పిలిచేవాళ్లు.

ఆ పెట్టె మా ఫ్యాక్టరీలోకి ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి.

డిస్పాచ్ గదిలో ఒక కామన్ కంప్యూటర్ ఉండేది. అందరికీ ఒకే లాగిన్. లారీ నంబర్లు ఎక్కించేవాళ్లు, క్రికెట్ స్కోరు చూసుకునేవాళ్లు, కూతురి పరీక్షా ఫలితాలు చూసుకునేవాళ్లు అందరూ అందులోనే. మా ప్రొడక్షన్ సూపర్‌వైజర్ ఒకాయన ఉండేవాడు. పెళ్లయి కొన్నేళ్లయింది, పిల్లల్లేరు. మంచి హుషారైన మనిషి, మిషన్ ఆగితే పాట పాడుతూ బాగుచేసేవాడు. ఒకరోజు టీ టైములో ఒక క్లర్కు ఏదో వెతకడానికి ఒక అక్షరం కొట్టాడు. అంతకుముందు ఎవరో వెతికినవన్నీ బారుగా కిందకి వచ్చాయి. మగవాళ్లకి సంతానం కలగకపోవడానికి కారణాలు, విజయవాడలో అలాంటి ఆసుపత్రులు, రిపోర్టులో ఫలానా అంకె ఉంటే ఏమిటర్థం అని. ఆ క్లర్కు అందరికీ వినిపించేలా చదివాడు. "ఎవర్రా ఇది?" అని నవ్వుతూ గది అంతా చూశాడు. కొందరు నవ్వారు. సూపర్‌వైజర్ నవ్వలేదు. టీ గ్లాసు కిటికీలో పెట్టి బయటికి వెళ్లిపోయాడు. అంతే, ఎవరిదో అందరికీ తెలిసిపోయింది.

ఆ తర్వాత ఆయన క్యాంటీన్‌కి రావడం మానేశాడు. మిషన్ దగ్గర పాటా మానేశాడు. షెడ్డులో కాయలు కడిగే ఆడవాళ్లకి కూడా ఆ సంగతి చేరింది. ఆ సీజన్ అయిపోగానే ఉద్యోగం మానేసి బావమరిదితో కలిసి తోటలు చూసుకోవడానికి వెళ్లిపోయాడు. చదివిన క్లర్కు చెడ్డవాడేమీ కాదు. అతను ఒక నవ్వు కోసం చదివాడు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

నేను హెడ్ ఆఫీసుకి ఫోన్ చేశాను. అక్కడ సిస్టమ్స్ చూసే అతను నా కంటే బాగా చిన్నవాడు. ఎప్పుడూ ముఖాముఖి చూసింది లేదు, గొంతే పరిచయం. జరిగింది చెప్పాను. "మేడమ్, ఇక్కడిలాగే మీ దగ్గర కూడా అందరికీ విడివిడిగా వర్క్ అకౌంట్లు ఇచ్చేద్దాం. సైన్ అవుట్ అవగానే ఆ కంప్యూటర్లో వాళ్లు చూసినవి, దాచుకున్న పాస్‌వర్డులు, తెరిచి ఉంచిన పేజీలు అన్నీ పోయేలా ఇక్కడి నుంచే సెట్టింగ్ పెడతాను" అన్నాడు.

"మరి ఆఫీసు మెయిళ్లు, ఫైళ్లు?"

"అవి పోవు మేడమ్. అవి మన సర్వర్‌లో ఉంటాయి. ఆ మెషీన్ మీద మిగిలినవి మాత్రమే పోతాయి."

అలా ఆ పెట్టె వచ్చింది. వచ్చిన వారమంతా నాకు తిట్లే. కాటా ఆయన పొద్దున్నే వినే సుప్రభాతం పేజీ పోయిందని, "మేడంగారూ, దేవుణ్ని కూడా తుడిచేశారేంటండీ?" అన్నాడు. అకౌంట్స్‌లో ఒక పెద్దాయన, నన్ను 'అమ్మా' అని తప్ప పిలిచేవాడు కాదు, ఏళ్ల తరబడి ఏ పేజీ కావాలన్నా మూయకుండా అలాగే తెరిచి ఉంచుకునేవాడు. తెర పైన అవి దువ్వెన పళ్లలా బారుగా ఉండేవి. ఆయనవన్నీ పోయాయి. ఆ సీజన్ అయ్యేదాకా నాతో మాట్లాడలేదు. నేను ఎదురైతే పక్కనున్నవాళ్లతో "కొందరికి ఊడ్చెయ్యడమంటే సరదా" అనేవాడు. నేను వినిపించనట్టు వెళ్లిపోయేదాన్ని. చివరికి అందరికీ అలవాటైపోయింది. అలవాటయ్యాక ఎవరూ దాని గురించి ఆలోచించలేదు, నాతో సహా.

ఇక ల్యాబ్ అమ్మాయి సంగతి. అమ్మాయి అంటున్నానే గానీ నలభై దగ్గరపడిన మనిషి. గుజ్జులో తీపి ఎంత, పులుపు ఎంత అని ప్రతి బ్యాచ్‌కీ పరీక్ష చేసి, ఆవిడ సరే అంటేనే డబ్బాలకి మూత పడేది. ముసునూరు నుంచి వచ్చేది. రైతు కుటుంబం. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింటికి తిరిగి వచ్చేసింది. తండ్రి, అన్నావదినలు, వాళ్ల పిల్లలు, ఆ ఇంట్లో ఈవిడ. దాని గురించి ఆవిడ ఎప్పుడూ చెప్పుకోలేదు, నేనూ అడగలేదు. మధ్యాహ్నం మేమిద్దరం కలిసి తినేవాళ్లం. ఆవిడ తెచ్చే మామిడికాయ పప్పులో కాయ ముక్కలు పప్పు కంటే ఎక్కువ ఉండేవి. "మా తోటలో రాలినవే అక్కా, పప్పే కొనాలి" అనేది. నా కంప్యూటర్ కబుర్లు ఆవిడ వినేది, ఆవిడ చెప్పే పులుపు కబుర్లు నేను వినేదాన్ని. ఏళ్ల తరబడి అలా.

ఒక సీజన్‌లో అది ఆగిపోయింది. మధ్యాహ్నం కాగానే ఆవిడ ల్యాబ్ తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. "పని ఉందక్కా, మీరు కానివ్వండి" అనేది. మొదట్లో నిజమే అనుకున్నాను. ఒకసారి ప్రింటర్ చూడ్డానికి తలుపు తోసుకుని వెళ్తే, ఆవిడ గబుక్కున తెర మీద పేజీ మార్చేసింది. మొహం ఎర్రబడింది. నేను ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం తీసి వచ్చేశాను. నాకు మనసు చివుక్కుమంది. నా దగ్గర దాచాల్సింది ఏముంటుంది అనుకున్నాను. మనం అవతలివాళ్ల దగ్గర దాచేవి మనకి గుర్తుండవు కదా.

అదే సీజన్‌లో గల్ఫ్ నుంచి ఏటా మా గుజ్జు కొనే ఒక బయ్యరు ఆర్డరు ఇంకో ఫ్యాక్టరీకి ఇచ్చేశాడు. మేనేజరు గారికి నిద్ర లేదు. హెడ్ ఆఫీసు నుంచి రోజూ ఫోన్లు. మా రేట్లు, మా బ్యాచ్ వివరాలు లోపలివాళ్లే ఎవరో బయటికి చెప్పారని ఆయనకి గట్టి అనుమానం. ఎవరు అనేది తేలలేదు. తేలని అనుమానం ఉన్న ఆఫీసులో ఎలా ఉంటుందో మీరూ ఒకరోజు చూస్తారు. అందరూ గొంతు తగ్గించి మాట్లాడతారు, ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడితే అందరికీ అనుమానం వస్తుంది.

సరిగ్గా అప్పుడు ఒక మధ్యాహ్నం ల్యాబ్ అమ్మాయికి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. తోటలో కాయ కోయిస్తున్న తండ్రి ఉన్నట్టుండి కుప్పకూలిపోయాడు, మాట పడిపోయింది. ఆవిడ తెల్లకోటు కూడా విప్పకుండా గేటు దాకా పరిగెత్తింది. కాటా దగ్గర ఖాళీ అయిన ట్రాక్టరు ఒకటి బయల్దేరుతుంటే అందులోనే ఎక్కి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. కొన్నాళ్లకి మేనేజరు గారికి ఫోన్ చేసి, నాన్నని చూసుకోవాలి, ఉద్యోగం చేయలేను అని చెప్పింది. సీజన్ మధ్యలో, నోటీసు లేకుండా.

ఆ ఫోన్ అయిన వెంటనే నాకు చేసింది.

"అక్కా, ఆ రోజు నా కంప్యూటర్ అలాగే వదిలేసి వచ్చేశాను. కాస్త సైన్ అవుట్ చేసేస్తారా?"

"చేస్తానమ్మా. నాన్నగారికి ఎలా ఉంది?"

"కుడిచెయ్యి రావట్లేదు. అక్కా, ఇప్పుడే చేస్తారా?"

ఆ గొంతులో ఒక కంగారు ఉంది. తండ్రి గురించిన కంగారు కాదది, వేరే. చేస్తానని చెప్పి పెట్టేశాను. ల్యాబ్ కంప్యూటర్ తెరకి మేం లాక్ పెట్టలేదు, మీటర్ల రీడింగులు ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలని. ఆవిడ పరిగెత్తినప్పుడు ఎలా వదిలిందో అన్నీ అలాగే తెరిచి ఉన్నాయన్నమాట. వేరే షిఫ్టు కెమిస్టు రీడింగులు చూసుకుని వెళ్లిపోయేవాడు, మిగతావి ముట్టుకోలేదు.

నేను ల్యాబ్‌కి వెళ్లేసరికి మేనేజరు గారు అక్కడే ఉన్నారు. నిలబడి ఆ తెరనే చూస్తున్నారు.

"మేడమ్, దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు."

"సైన్ అవుట్ చేయాలండి. మనిషి మానేస్తే అదే రోజు చేసెయ్యాలని రూలు కదా సార్."

"అదే వద్దంటున్నా. చేస్తే అన్నీ పోతాయిగా? నాకు తెలుసు. ఆవిడ మధ్యాహ్నం తలుపులేసుకుని ఏం చేస్తోందో షెడ్డులో అందరూ చెబుతున్నారు. ఆర్డరు పోయింది, వెంటనే ఈవిడా పోయింది. మీకేం అనిపించట్లేదా?"

"వాళ్ల నాన్నగారు పడిపోయారు సార్."

"పడితే పడ్డారు, కాదనను. అందులో ఏముందో చూడండి. ఎవరితో మాట్లాడింది, ఏం పంపింది. ఆఫీసు కంప్యూటరు, ఆఫీసు అకౌంటు. ఇందులో సొంతం ఏముంటుందండీ?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అది ఇప్పటికీ ఒప్పుకుంటాను. ఆఫీసు యంత్రంలో సొంత పనులు చేసుకోకూడదని నేనే అందరికీ చెప్పేదాన్ని. ఆయన మీదా నాకు కోపం లేదు. పై నుంచి ఆయన మెడ మీద కూర్చున్నవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. ఆయన ముందే హెడ్ ఆఫీసు అతనికి ఫోన్ కలిపాను, స్పీకర్ పెట్టాను.

అతను విని, "రూల్ అయితే సైన్ అవుట్ చెయ్యడమే మేడమ్" అన్నాడు. "ఆవిడ పంపిన మెయిళ్లు, తెరిచిన ఫైళ్లు అన్నీ సర్వర్‌లో భద్రంగా ఉన్నాయి. సార్‌కి అనుమానం ఉంటే కారణం రాసి ఒక మెయిల్ పెట్టమనండి, పైవాళ్ల అనుమతితో అవన్నీ మేమే చూస్తాం. ఆ మెషీన్ కూడా ఆపాలంటే అదీ ఆ మెయిల్‌లోనే రాయమనండి. ఆపేస్తాం."

మేనేజరు గారు ఫోన్ వైపు చూశారు. కారణం రాయడమంటే ఒక మనిషి పేరు రాయడం, కింద తన సంతకం పెట్టడం. ఆయన దగ్గర ఉన్నది తలుపు వేసుకుందన్న మాట ఒక్కటే. ఫోన్ పెట్టేశాక నాతో మెల్లగా అన్నారు:

"మెయిళ్లూ గియిళ్లూ ఎందుకండీ. నేను ముట్టుకుంటే రేపు నా మీదికి మాటొస్తుంది. నేను భోజనానికి వెళ్లొస్తాను. ఈలోగా మీరే ఒకసారి చూసి చెప్పండి. మీరు ఆవిడ స్నేహితురాలేగా, మీరు చూస్తే తప్పేముంది?"

వెళ్లిపోయారు. తలుపు దానంతట అదే మూసుకుంది.

నేను ఆవిడ కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ వెనక తువ్వాలు ఆరేసి ఉంది. బల్ల మీద గుజ్జు నమూనాల గ్లాసులు, ఒక గ్లాసులో సగం తాగిన మజ్జిగ ఎండి గట్టిపడి ఉంది. తెర మీద ముందు మీటర్ల పేజీ, దాని వెనక బ్రౌజరు. పైన తెరిచి ఉన్న పేజీలు చాలా. వాటి పేర్లు మొదటి రెండు మూడు అక్షరాల తర్వాత తెగిపోయి ఉన్నాయి. మౌస్ కాస్త జరిపితే చాలు, పూర్తి పేరు కనిపిస్తుంది.

చూడాలనిపించలేదని అబద్ధం చెప్పను. మేనేజరు కోసం కాదు. నా కోసం. నాతో భోజనం మానేసి ఈ తెరతో ఏం మాట్లాడుకుందో, నాకు చెప్పలేనిది ఏమిటో తెలుసుకోవాలని ఉంది. చూస్తే ఆవిడ నిర్దోషి అని తేల్చి మేనేజరు నోరు మూయించవచ్చు కదా అని కూడా అనిపించింది. మనకి ఒకటి కావాలనుకున్నప్పుడు దానికి మంచి కారణాలు ఎంత తొందరగా దొరుకుతాయో ఆ కుర్చీలోనే తెలిసింది. చూశాక అందులో ఏ ఉద్యోగం గొడవో, ఏ జబ్బో ఉందనుకోండి, నేను ఎవరికీ చెప్పను. కానీ నాకు తెలుస్తుంది. రేపు ఆవిడ ఎదురైతే ఆవిడ చెప్పకుండా తెలుసుకున్నది నా కళ్లలో ఉంటుంది. దాన్ని ఏ సెట్టింగూ తుడవదు.

బయట కాయలు కడిగే షెడ్డులో ఆడవాళ్లు భోజనాలకి లేస్తున్న చప్పుడు వినిపించింది. నేను తెర మూల ఉన్న ఆవిడ అకౌంటు బొమ్మ మీద నొక్కి, సైన్ అవుట్ నొక్కాను. పెట్టె వచ్చింది. సరేనా అని అడిగింది. ఎన్నోసార్లు ఇతరులకి నేర్పిన పెట్టె అది, ఆ రోజే మొదటిసారి అక్షరం అక్షరం చదివాను. చదివి సరే అన్నాను. పేజీలన్నీ ఒక్కసారిగా పోయాయి. చప్పుడు కూడా లేదు. కొత్తవాళ్లని లోపలికి రమ్మనే తెల్ల పేజీ ఒకటి వచ్చి నిలబడింది.

మేనేజరు గారు తిరిగొచ్చి "ఏముంది?" అన్నారు.

"ఏమీ లేదు సార్. సైన్ అవుట్ చేసేశాను."

"చూసి చేశారా?"

"చూడలేదండి."

ఆయన అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. "సరే, మీ ఇష్టం" అని వెళ్లిపోయారు. మెయిల్ మాత్రం పెట్టలేదు. నాలుగు రోజులు తిరక్కుండా నన్ను సిస్టమ్స్ నుంచి తీసి కాటా గదికి వేశారు. సీజన్ ఒత్తిడి వల్ల అని కారణం. నా బల్ల దగ్గరికి ఎవరో కుర్రాడు వచ్చాడు. రిటైర్మెంట్‌కి ఎంతో దూరం లేని మనిషిని, ఎండలో లారీల మధ్య కూర్చోబెట్టడం అంటే ఏమిటో ఫ్యాక్టరీలో అందరికీ అర్థమైంది. మొదటి రోజు సాయంత్రం బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

అయితే ఒకటి చెప్పాలి. కాటా గదిలో గడిపిన ఆ రెండు సీజన్లే ఇప్పుడు నాకు ఎక్కువగా గుర్తొచ్చేవి. కాటా ఆయన తన ఫ్యాను నా వైపు తిప్పి, తను తువ్వాలుతో విసురుకునేవాడు. వద్దన్నా వినేవాడు కాదు. లారీ డ్రైవర్లు "మేడంగారూ, మా బండి ముందు పంపండి" అని బతిమాలుతూ సీటు కింది నుంచి పండు తీసి కిటికీలో పెట్టేవాళ్లు. రైతులు తూకం చూసుకోవడానికి లోపలికి వచ్చి, గాలి వాన ఎవరి తోటలో ఎంత రాల్చిందో చెప్పుకునేవాళ్లు. అన్నేళ్లు ఫ్యాక్టరీలో ఉండి కాయ ఎక్కడి నుంచి వస్తుందో నేను తెలుసుకున్నది అక్కడే. నాతో మాట్లాడని అకౌంట్స్ పెద్దాయన ఒకరోజు కాటా గది గుమ్మంలో నిలబడి, "అమ్మా, నువ్వు చేసింది విన్నాను" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి తన క్యాంటీన్ టీ నా దగ్గరికి తెచ్చుకుని తాగేవాడు.

పోయిన బయ్యరు మరుసటి సీజన్‌కి తిరిగొచ్చాడు. మా వాళ్లు ఎందుకు వెళ్లావని అడిగితే, ఆ ఏడాది అవతలివాళ్లు రేటు తగ్గించారు, వెళ్లాను, గుజ్జు నచ్చలేదు, వచ్చేశాను అన్నాడట. రహస్యాలు చేరవేసినవాళ్లు ఎవరూ లేరు. మేనేజరు గారు ఆ విషయం నాతో ఎత్తలేదు. నేను రిటైరైన రోజు మాత్రం దండ వేసి నా నిజాయితీ గురించి చాలాసేపు మాట్లాడారు. ఆ మాట అన్నప్పుడల్లా నా వైపు చూడకుండా దండ వైపు చూశారు. నాకు నవ్వొచ్చింది, కాస్త జాలి కూడా వేసింది. ఆయనకి కూడా ఆ తెర గుర్తున్నట్టే ఉంది.

నన్ను నిజంగా బాధపెట్టింది కాటా గది కాదు. ల్యాబ్ అమ్మాయి నాతో మాట్లాడ్డం మానేసింది.

ఆ రోజు సాయంత్రమే ఫోన్ చేసి "చేసేశానమ్మా" అని చెప్పాను. "థాంక్స్ అక్కా" అని వెంటనే పెట్టేసింది. తర్వాత చేస్తే ఎత్తేది కాదు. వాళ్ల నాన్నగారిని చూద్దామని ఒకసారి ముసునూరు వెళ్లాను. మంచం పక్కన కూర్చుని ఆయనకి గంజి తాగిస్తోంది. నన్ను చూసి లేచింది, కుర్చీ వేసింది, మంచినీళ్లు ఇచ్చింది, అడిగినదానికి జవాబు చెప్పింది. ఒక్కసారి కూడా కళ్లెత్తి చూడలేదు. తిరుగు ఆటోలో కూర్చుని నేనేం చేశానని ఆలోచిస్తూనే ఉన్నాను. నన్ను కాటా గదికి వేశారని తనకి తెలిసి ఉంటుంది, అందుకు సిగ్గుపడుతోందేమో అనుకున్నాను. కొన్నాళ్లకి వాళ్ల నాన్నగారు పోయారని తెలిసి వెళ్లాను. ఆ జనంలో దగ్గరికి వెళ్లడం కుదరలేదు. ఆ తర్వాత ఊరు మారిందని విన్నాను. కొన్ని స్నేహాలు అలా ఆగిపోతాయి అని సర్దిచెప్పుకున్నాను.

నేను రిటైరయ్యాక, పోయిన వేసవిలో, ఒక ఉదయం మా ఇంటి ముందు ఆటో ఆగింది. దిగింది ఆవిడే. జుట్టు కాస్త నెరిసింది. ఒళ్లు చేసింది. వెనకాల ఒక పెద్దమనిషి, కళ్లజోడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో రసాల బుట్ట మోయలేక మోస్తున్నాడు.

"అక్కా, మా వారు" అంది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. తర్వాత ఇద్దరినీ లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టి, కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్తే వెనకే వచ్చింది. స్టవ్ దగ్గర నిలబడి, కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"అక్కా, ఆ రోజు మీరు అంతా చూసే ఉంటారు కదా? ఎవరికీ చెప్పలేదు. ఆ మాట మీతో అనడానికే ఇన్నాళ్లు పట్టింది."

"ఏం చూశాను?"

"నా కంప్యూటర్లో."

"నేను చూడలేదమ్మా."

ఆవిడ నన్ను నమ్మలేదు. "నాకేం పర్లేదక్కా ఇప్పుడు" అంది.

"నిజంగా చూడలేదు. పేజీలు తెరిచి ఉన్నాయి. సైన్ అవుట్ నొక్కేశాను. అందులో ఏముందో నాకు ఈ రోజుకీ తెలీదు."

కాసేపు పాలు పొంగడం కూడా మేమిద్దరం చూసుకోలేదు. గబుక్కున స్టవ్ ఆపి ఆవిడే గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూనే చెప్పింది. రెండో పెళ్లి చేసుకోవాలనుకునేవాళ్ల కోసం ఉన్న ఒక సైటు అట. ఇంట్లో ఫోను వదిన పిల్లల చేతుల్లో ఉంటుంది. అందుకని మధ్యాహ్నం ల్యాబ్‌లో చూసేది. మొదట్లో ఊరికే చూసేదట, తర్వాత ఒకాయనతో రాసుకోవడం మొదలైంది. రాయలసీమలో ఒక స్కూల్లో లెక్కల మాస్టారు, భార్య పోయారు. ఆ రోజు ఫోన్ వచ్చేసరికి ఆయన రాసిన పెద్ద ఉత్తరం లాంటిది సగం చదువుతూ వదిలేసి పరిగెత్తింది.

"ఈ వయసులో, ఈ ఊళ్లో, అది షెడ్డులో ఎవరి నోట పడినా నేను బస్సెక్కగలిగేదాన్నా అక్కా? మీరు చూశారనే అనుకున్నాను. మిమ్మల్ని చూస్తే ఆ పేజీలన్నీ మీ కళ్లలో కనిపించినట్టు ఉండేది. అందుకే తల ఎత్తలేదు."

"మరి ఇంట్లో ఎలా చెప్పావు?"

"నేను చెప్పలేదు. నాన్నే అడిగారు. మంచంలో పడ్డాక మాట కొద్దికొద్దిగా వచ్చింది కదా. నేను వసారాలో ఈయనతో ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నారు. ఒకరోజు పిలిచి 'ఎవరమ్మా' అన్నారు. చెప్పాను. 'రమ్మను, నేను ఉండగానే చూస్తాను' అన్నారు. ఈయన వచ్చి ఆయన మంచం పక్కన ఒక పూటంతా కూర్చున్నారు. అన్నయ్య మాట్లాడకపోయినా, నాన్న సరే అన్నాక ఎవరూ ఏమీ అనలేదు."

నేను ఆవిడ చేతిలో గుడ్డ తీసుకుని పక్కన పడేశాను. ఇద్దరం ఏడ్చామో నవ్వామో నాకు సరిగ్గా గుర్తులేదు. ఒకరు చూడకుండా ఉంటే, ఇంకొకరు చూశారనుకుని ఇన్నాళ్లు దూరంగా ఉన్నారు. అప్పుడే ఒక మాట చెప్పి ఉండవలసింది, 'నేను చూడలేదు' అని. నాకు తోచలేదు. చూడకపోవడమే సరిపోతుందనుకున్నాను. మీకు అలాంటి రోజు వస్తే నొక్కాల్సింది నొక్కి, ఆ మాట కూడా ఫోన్ చేసి చెప్పండి.

కాఫీ మళ్లీ పెట్టి ముందు గదిలోకి తీసుకొస్తే మాస్టారు అప్పటికే తొందరపడ్డాడు. బుట్టలోంచి ఒక చిన్నరసం తీసుకుని, చాకు లేదని గోళ్లతో తొక్క ఒలుస్తున్నాడు. పండు జారి, రసం మోచేతి దాకా కారి, ఇస్త్రీ చొక్కా ముందంతా పసుపు మరకలు.

"అయ్యో, మీకెన్నిసార్లు చెప్పాలండీ, రసాన్ని ఒలవరు!" అని ఆవిడ ఇంకో పండు తీసుకుంది. రెండు అరచేతుల మధ్య మెల్లగా పిసికి, ముచ్చిక తీసి, సొన కాస్త పిండేసి ఆయన చేతికిచ్చింది. "ఇలా పట్టుకుని జుర్రుకోండి. కింద గట్టిగా నొక్కకండి."

ఆయన కింద గట్టిగా నొక్కాడు. టెంక ఎగిరి మా అత్తగారి పడక్కుర్చీ కింద పడింది. మా ల్యాబ్ అమ్మాయి గోడకి ఆనుకుని, కడుపు పట్టుకుని, ఊపిరాడనంతగా నవ్వింది. ఆయన రెండు చేతులూ గాలిలో పెట్టుకుని, ఆ నవ్వు ఆగేదాకా ఆవిడనే చూస్తూ కూర్చున్నాడు.